చెయ్యి ఎలా తిరుగుతుందో కంప్యూటర్‌లో కట్టి చూడటం: తొమ్మిది అక్షరాల లెక్కలతో మొదలుపెడదాం

కొత్త పని మొదటిసారి చేసినప్పుడు పట్టే టైముకీ, వందోసారి చేసినప్పుడు పట్టే టైముకీ తేడా ఉంటుందని అందరికీ తెలుసు. కానీ ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది, చేసే పద్ధతే స్పీడయ్యిందా, లేక పాత పద్ధతి వదిలేసి మనసు ఇంకో దారి పట్టిందా అని అడిగితే మాత్రం ఊరికే చూసి చెప్పలేం. అది తేల్చుకోడానికే ఈ కంప్యూటర్ మోడల్. ఇక్కడ మోడల్ అంటే లక్షల ఫొటోలు పెట్టి ట్రైన్ చేసేది కాదు, ఒక మనిషి తర్వాతి ప్రయత్నానికి ఎంత టైమ్ తీసుకుంటాడు, తప్పు చేస్తాడా లేదా అనేది ఆ ప్రయత్నం జరగకముందే చెప్పే నాలుగైదు రూల్స్, అంతే. స్ప్రెడ్‌షీట్ వాడటం వస్తే చాలు, కోడింగ్ వస్తే ఇంకా సుఖం. మీ మీద మీరే ప్రయోగం చేసుకుని కట్టుకునేలా చెప్తాను, ఎందుకంటే డేటా మన చేతుల్లోంచి పుట్టినప్పుడే మోడల్ ఎక్కడ తప్పు చెప్తోందో మనకి ఒంట్లో తెలుస్తుంది.

ముందు పని ఎంచుకోవాలి. ఇక్కడే చాలామంది పెద్దవాటి మీదకి పోతారు, గిటార్ అంటారు, చెస్ అంటారు, డ్రైవింగ్ అంటారు. అవి వద్దు. వాటిలో పదిహేను చిన్న స్కిల్స్ కలిసిపోయి ఉంటాయి, ఒకటి పెరుగుతుంటే ఇంకోటి ఆగిపోయి ఉంటుంది, చివరికి చేతికొచ్చే టైమ్ అన్నీ కలిపిన ముద్ద. మనకి కావాల్సింది ఒకే పనిని రెండు దారుల్లో చేయగలిగేది, ఒకటి నెమ్మదైన దారి, ఇంకోటి ప్రాక్టీస్‌తో వచ్చే షార్ట్‌కట్, పైగా ఏ దారిలో వెళ్ళామో టైమ్ చూస్తే బయటపడాలి. గోర్డన్ లోగన్ అనే సైకాలజిస్ట్ 1980ల్లో సరిగ్గా ఇలాంటి పనినే వాడారు, అక్షరాల కూడిక. ఇంగ్లిష్ అక్షరాల్లో ఏ కి 2 కలిపితే సి వస్తుంది, అలాగన్నమాట. మొదట్లో వేళ్ళ మీద లెక్కపెట్టినట్టు ఒక్కో అక్షరం దాటుకుంటూ వెళ్తారు, కాబట్టి 4 కలపడానికి 2 కలపడం కంటే ఎక్కువ టైమ్ పడుతుంది. బాగా ప్రాక్టీస్ అయ్యాక ఆ తేడా దాదాపు పోతుంది, ఎందుకంటే అప్పుడు లెక్కపెట్టట్లేదు, జవాబు నేరుగా గుర్తొస్తోంది.

దీన్ని మన వర్ణమాలతో చేస్తే ఇంకా బాగుంటుంది. క నుంచి మొదలుపెట్టకండి, మధ్యలో ఙ, ఞ తగిలి అక్కడ చాలామంది తడబడతారు, ఆ తడబాటు అంతా డేటాలోకి వచ్చేస్తుంది. త నుంచి మొదలుపెడితే శుభ్రంగా ఉంటుంది: త థ ద ధ న, ప ఫ బ భ మ, య ర ల. ఈ తొమ్మిది లెక్కలు రాసుకోండి. రెండు కలిపేవి: త+2 ద, ధ+2 ప, ఫ+2 భ. మూడు కలిపేవి: థ+3 న, న+3 బ, బ+3 య. నాలుగు కలిపేవి: ద+4 ఫ, ప+4 మ, భ+4 ల. జవాబులన్నీ వేరువేరుగా ఉండేలా పెట్టాను, లేకపోతే ఒక లెక్క జవాబు ఇంకో లెక్కకి కలిసొచ్చి మెమరీ లెక్క చెడిపోతుంది.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పేయాలి. మనం వర్ణమాలని వరసలు వరసలుగా బట్టీ పట్టినవాళ్ళం, త థ ద ధ న ఒక ఊపు, ప ఫ బ భ మ ఇంకో ఊపు. అందుకే ప నుంచి లెక్కపెట్టమంటే వెంటనే మొదలవుతుంది, అదే ఫ నుంచి అంటే నాకైతే మనసు ఒక్క క్షణం ప దగ్గరికి వెళ్ళి మళ్ళీ ఫ కి వస్తుంది. భ కూడా అంతే. మీకూ అలా అనిపిస్తే అది నోట్ చేసుకోండి, తర్వాత మోడల్‌లో ప్రతి లెక్కకీ వేరే స్టార్టింగ్ టైమ్ ఇవ్వాల్సి రావచ్చు. ఇలాంటి చిన్న చిన్నవి పనిని దగ్గర్నుంచి చూసినవాళ్ళకే దొరుకుతాయి, రెడీమేడ్ డేటాసెట్ డౌన్‌లోడ్ చేసుకుంటే ఎప్పటికీ దొరకవు.

టెస్ట్ ఎలా పెట్టాలంటే, స్క్రీన్ మీద లెక్క వస్తుంది, జవాబు మనసులోకి రాగానే స్పేస్ బార్ నొక్కాలి, వెంటనే జవాబు పైకి చెప్పాలి, తర్వాత కరెక్ట్ జవాబు చూసి రైటా తప్పా అని ఇంకో కీ నొక్కాలి. జవాబు టైప్ చేయించకండి, తెలుగు కీబోర్డులో భ కి, ల కి పట్టే కీస్ వేరు, దాంతో టైపింగ్ స్పీడు వచ్చి కలుస్తుంది. రైటా తప్పా నొక్కాక ఇంకో కీ కూడా పెట్టండి, లెక్కపెట్టాను లేదా గుర్తొచ్చింది. ఆ ఒక్క కాలమ్ తర్వాత బంగారం అవుతుంది. తొమ్మిది లెక్కలూ ఒక రౌండ్, ప్రతి రౌండ్‌లో వాటి వరస మార్చేయాలి, రోజుకి 20 రౌండ్లు, అంటే 180 లెక్కలు, ఒక్కోటి నాలుగు సెకన్లు అనుకుంటే పన్నెండు నిమిషాలు. వరసగా మూడు రోజులు చేసి, నాలుగు రోజులు గ్యాప్ ఇచ్చి, ఇంకో రోజు చేయండి. ఆ గ్యాప్ ఎందుకో తర్వాత అర్థమవుతుంది, దాన్ని మాత్రం మానేయకండి.

ప్రతి లెక్కకీ ఒక వరస సేవ్ చేయాలి: ఏ లెక్క, ఎంత కలపాలి, ఇది ఎన్నోసారి, మొదలుపెట్టినప్పటి నుంచి ఎన్ని సెకన్లు అయ్యింది, ఎంత టైమ్ పట్టింది, రైటా తప్పా, లెక్కా గుర్తా. రోజు యావరేజ్ తీసి అది మాత్రమే ఉంచుకుని మిగతాది డిలీట్ చేసే అలవాటు ఉంటే దయచేసి ఇక్కడ మానుకోండి, ఎందుకంటే ఈ మొత్తం విషయంలో నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట ఆ యావరేజ్ గురించే.

నేను మొదటిసారి చేసినప్పుడు ఇద్దరు ముగ్గురి డేటా తీసుకుని, అన్నీ కలిపి రౌండ్‌కి ఒక యావరేజ్ తీసి, గ్రాఫ్ గీశాను, ఎంత నున్నగా వచ్చిందో, మొదట్లో జారుడుబండలా దిగి తర్వాత మెల్లగా చదునవుతూ. పుస్తకాల్లో ఉండే గ్రాఫ్ అచ్చం అదే. ఆ గీతకి ఫార్ములా ఫిట్ చేసి మోడల్ అయిపోయిందనుకున్నాను. తర్వాత ఒక్కొక్కరి డేటా, ఒక్కో లెక్క విడివిడిగా తీసి చూస్తే అందులో జారుడుబండ ఎక్కడా లేదు, మెట్లు ఉన్నాయి. ఇది ఎలా అవుతుందో చిన్న లెక్కతో చూడండి. నలుగురున్నారు అనుకుందాం, నలుగురికీ మొదట 3 సెకన్లు పడుతుంది, జవాబు గుర్తుండిపోయాక ఒక్కసారిగా 1 సెకను అవుతుంది, మధ్యలో ఏమీ లేదు. ఒకరికి అది 3 ప్రయత్నాల తర్వాత, ఇంకొకరికి 6 తర్వాత, మూడోవాళ్ళకి 12, నాలుగోవాళ్ళకి 24 తర్వాత జరిగింది. యావరేజ్ తీయండి. మొదటి మూడు ప్రయత్నాలు 3 సెకన్లు, నాలుగు నుంచి ఆరు దాకా 2.5, ఏడు నుంచి పన్నెండు దాకా 2, పదమూడు నుంచి ఇరవైనాలుగు దాకా 1.5, ఆ తర్వాత 1. మొదట్లో గబగబా, తర్వాత నెమ్మదిగా తగ్గుతున్న చక్కటి వంపు. మెల్లమెల్లగా నేర్చుకున్నవాళ్ళు ఆ నలుగురిలో ఒక్కరు కూడా లేరు.

ఇదేదో నేను కనిపెట్టింది కాదు, ఈ రంగంలో పెద్ద చర్చే జరిగింది. 1926లో స్నాడీ అనే ఆయన అద్దంలో చూస్తూ గీత గీసే పనిలో, ప్రాక్టీస్‌కీ మెరుగుదలకీ మధ్య ఒక లెక్క ఉందని చూపించారు. 1959లో క్రాస్‌మన్ సిగార్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ డేటా చూస్తే వాళ్ళ స్పీడు రెండేళ్ళ వరకూ పెరుగుతూనే ఉంది, మెషీన్ లిమిట్‌కి దగ్గరపడే దాకా. 1981లో అలెన్ న్యూవెల్, పాల్ రోజెన్‌బ్లూమ్ ఇలాంటివన్నీ ఒకచోట చేర్చి దీనికి ప్రాక్టీస్ పవర్ లా అని గట్టిగా నిలబెట్టారు. మరి 2000లో హీత్‌కోట్, బ్రౌన్, మ్యూహార్ట్ ఒక్కొక్క మనిషి డేటా విడిగా తీసి ఫిట్ చేస్తే చాలాచోట్ల పవర్ కంటే ఎక్స్‌పొనెన్షియల్ బాగా సరిపోయింది (ఈ రెండింటికీ తేడా కింద చెప్తాను), పవర్ షేపులో కొంత యావరేజ్ తీయడం వల్లే పుట్టుకొస్తోందని చూపించారు. దానికి రెండేళ్ళ ముందే, 1998లో డెలానీ, ఆయనతో పనిచేసినవాళ్ళు ఇంకో మాట చెప్పారు, పని మొత్తానికి కాకుండా ఒక్కో స్ట్రాటజీకి విడిగా గీస్తే పవర్ లా ఇంకా బాగా నిలబడుతుందని. మనం లెక్కా గుర్తా అనే కాలమ్ పెట్టింది అందుకే.

పవర్‌కీ ఎక్స్‌పొనెన్షియల్‌కీ తేడా ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఎక్స్‌పొనెన్షియల్‌లో ప్రతి ప్రయత్నానికీ మిగిలిన మెరుగుదలలో ఒకే వంతు తగ్గుతుంది. పవర్‌లో ప్రయత్నాలు రెట్టింపైన ప్రతిసారీ ఒకే వంతు తగ్గుతుంది, ఉదాహరణకి రేటు 0.4 అయితే ఒకటి నుంచి రెండుకి వెళ్ళినా, వంద నుంచి రెండొందలకి వెళ్ళినా, తగ్గడానికి వీలున్న భాగంలో సుమారు 24 శాతమే తగ్గుతుంది. అంటే పవర్ మోడల్ ప్రకారం నేర్చుకోవడం రానురానూ బరువెక్కుతుంది. మీ డేటాకి రెండూ ఫిట్ చేసి చూడండి, కానీ అక్కడ ఆగిపోకండి, ఎందుకంటే ఆ రెండూ గీత షేపు చెప్తాయి తప్ప లోపల ఏం జరిగిందో చెప్పవు.

లోపలికి వెళ్దాం. మొదటి రూల్ లెక్కపెట్టే దారి. మొదటి రెండు రౌండ్ల టైములు తీసుకుని, 2 కలిపేవాటికి, 3 కలిపేవాటికి, 4 కలిపేవాటికి విడివిడిగా మీడియన్ తీయండి (అంటే టైముల్ని చిన్నదాన్నుంచి పెద్దదాని దాకా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది; యావరేజ్ వద్దు, ఒక్కసారి ఫోన్ మోగి 14 సెకన్లు పడితే యావరేజ్ పాడవుతుంది). 2.1, 2.6, 3.1 వచ్చాయనుకుందాం. అంటే ఒక అక్షరం దాటడానికి అర సెకను, అది కాకుండా లెక్క చదివి బటన్ నొక్కడానికి 1.1 సెకన్లు. ఇదే మీ లెక్కపెట్టే మోడల్, ఇంతకంటే ఏం లేదు.

రెండో రూల్ మెమరీ. దీనికి సైకాలజిస్ట్ జాన్ ఆండర్సన్ ఆక్ట్-ఆర్ (మనసు ఎలా పనిచేస్తుందో కంప్యూటర్‌లో నడిపి చూపించే ఆయన థియరీ) నుంచి ఒక ఫార్ములా తీసుకుందాం, నాకు ఈ మొత్తం రంగంలో బాగా ఇష్టమైనది ఇదే, ఎందుకంటే గుర్తుండటం, మర్చిపోవడం రెండూ ఒకే వరసలో ఇమిడిపోయాయి. ఒక జవాబుని మీరు గతంలో ఎన్నిసార్లు చూశారో, ఒక్కోసారి ఎన్ని సెకన్ల కిందటో రాసుకోండి. ఆ ప్రతి సెకన్ల సంఖ్యకీ వర్గమూలం తీసి, ఒకటిని దానితో భాగించండి, అన్నీ కూడండి. ఉదాహరణకి థ+3 ని 4 సెకన్ల కింద, 25 సెకన్ల కింద, 100 సెకన్ల కింద చూశారు. 0.5, 0.2, 0.1, మొత్తం 0.8. అసలు ఫార్ములాలో దీనికి లాగ్ తీసి యాక్టివేషన్ అంటారు, గుర్తొచ్చే టైమ్‌కి దాన్ని మళ్ళీ మైనస్ గుర్తు పెట్టి ఎక్స్‌పొనెన్షియల్ చేస్తారు, కాబట్టి లాగ్, ఎక్స్‌పొనెన్షియల్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గుర్తొచ్చే టైమ్ అంటే ఒక గుణకాన్ని ఆ మొత్తంతో భాగించడమే. గుణకం 1 అనుకుంటే 1 బై 0.8, అంటే 1.25 సెకన్లు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క సెల్ ఫార్ములా.

మూడో రూల్ పందెం. రెండు దారులూ ఒకేసారి పరుగు మొదలుపెడతాయి, ఏది ముందొస్తే అదే జవాబు, అదే టైమ్. ఈ ఆలోచన లోగన్ 1988లో చెప్పింది. ఆయన థియరీలో ప్రతిసారి చూసిందీ ఒక విడి జ్ఞాపకంగా ఉండి అవన్నీ పందెంలో దిగుతాయి, ఆండర్సన్ దాంట్లో ఒకే జ్ఞాపకం బలపడుతుంది, మనం ఇక్కడ పందెం ఒకరి దగ్గర, బలం ఇంకొకరి దగ్గర తీసుకుని కలిపాం. కలపడం తప్పు కాదు, కానీ ఇది కలిపిందే అని మీ నోట్స్‌లో రాసి పెట్టుకోండి.

ఇప్పుడు చేత్తో ఒకసారి నడిపించి చూద్దాం, దయచేసి ఈ భాగం స్కిప్ చేయకుండా కాగితం మీద వేయండి. ఒక రౌండ్ 36 సెకన్లు, కాబట్టి ప్రతి లెక్కా 36 సెకన్లకోసారి వస్తుంది అనుకుందాం (రాండమ్ వరసలో కచ్చితంగా అలా ఉండదు, సుమారుగా). 36 వర్గమూలం 6, కాబట్టి ఒకసారి చూశాక మొత్తం 0.167, రెండుసార్లు చూశాక 0.285, మూడుసార్లకి 0.381, నాలుగుసార్లకి 0.464, అయిదుసార్లకి 0.539. మెమరీ గెలవాలంటే 4 కలిపే లెక్కకి ఆ మొత్తం 1 బై 3.1, అంటే 0.323 దాటాలి, అది మూడోసారికి దాటింది. 3 కలిపేదానికి 0.385 దాటాలి, మూడోసారికి 0.381 తో అందినట్టే అంది అందలేదు, నాలుగోసారికి దాటింది. 2 కలిపేదానికి 0.476 దాటాలి, అయిదోసారి దాకా ఆగాలి. చూశారా, మూడు రకాల లెక్కలూ ఒకేలా ప్రాక్టీస్ చేసినా కష్టమైన లెక్క ముందు గుర్తుండిపోతుంది, తేలికైనది ఆఖర్న. 4 కలిపేవాటికి జ్ఞాపకం ఎక్కువ బలపడిందేం కాదు, బలం అన్నిటికీ సమానమే, లెక్కపెట్టే దారి అక్కడ మరీ నెమ్మది కాబట్టి మెమరీ తొందరగా గెలిచింది, అంతే. ఊరికే గీత ఫిట్ చేస్తే ఇలాంటి మాట ఎప్పటికీ బయటికి రాదు, ఇది మీ లెక్కా గుర్తా కాలమ్‌లో వెంటనే చెక్ చేసుకోగలిగిన మాట కూడా.

మూడు, నాలుగు, అయిదుసార్లకే అయిపోవడం నిజం మనుషుల్లో జరగదు, ఇంకా చాలాసార్లు కావాలి, మనం గుణకం 1 పెట్టుకోవడం వల్ల అలా వచ్చింది. గుణకం 2 చేసి అదే లెక్క వేయండి, 4 కలిపేవి ఏడోసారికి, 2 కలిపేవి పదమూడోసారికి మారతాయి. అంటే ఆ ఒక్క గుణకంతో మొత్తం టైమ్‌టేబుల్ జరుగుతుంది. మీ డేటా నుంచి వెతికి పట్టుకోవాల్సింది ఆ గుణకాన్నే.

తర్వాత రోజు సంగతి చూడండి, నాకు ఆశ్చర్యం వేసింది ఇక్కడే. మొదటి రోజు ఒక లెక్కని 20 సార్లు చూశారు, మర్నాడు అదే టైముకి కూర్చున్నారు. ఒక రోజుకి 86,400 సెకన్లు, వర్గమూలం 294, ఒకటిని దానితో భాగిస్తే 0.0034, దాన్ని 20తో గుణిస్తే 0.068, గుణకం మళ్ళీ 1 అనుకుంటే గుర్తొచ్చే టైమ్ 14.7 సెకన్లు. అంటే మోడల్ ప్రకారం మర్నాటికి అంతా పోయినట్టే, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. మీ డేటా అలా ఉండదు, కొంచెం దెబ్బతిన్నా చాలావరకు నిలబడి ఉంటుంది. దీనికి పరిశోధకులు వాడే సవరణ ఏంటంటే, రెండు సెషన్ల మధ్య గడియారం చెప్పిన టైముని అలాగే వాడకుండా దాన్ని కుదించడం, ఎందుకంటే అదే పని మీద కూర్చున్నప్పుడు వచ్చే అడ్డంకులు మిగతా రోజంతా అంతగా రావు. పావ్లిక్, ఆండర్సన్ 2005లో జపనీస్-ఇంగ్లిష్ పదాల జతలు నేర్పించిన పనిలో ఈ కుదింపు 0.025 పెట్టారు. అది వాడితే ఒక రోజు 2,160 సెకన్లు అవుతుంది, 20 సార్లకి మొత్తం 0.43, గుర్తొచ్చే టైమ్ 2.3 సెకన్లు. ఇప్పుడు పోల్చండి: 3.1 కంటే తక్కువ, 2.6 కంటే తక్కువ, 2.1 కంటే ఎక్కువ. అంటే మర్నాడు మొదటి రౌండ్‌లో 3, 4 కలిపేవి గుర్తుండి, 2 కలిపేవి మాత్రం మళ్ళీ లెక్కపెట్టాల్సి వస్తుందని మోడల్ చెప్తోంది! ఇంత సూటిగా, ఇంత తేలిగ్గా తప్పని తేలిపోగల అంచనా ఇచ్చేదాన్నే నేను మోడల్ అంటాను.

నిజం మనుషులకి ఒకే లెక్క ఒకే టైమ్ పట్టదు కదా, అందుకని నాయిస్ కలపాలి. లెక్కపెట్టే టైముకీ, గుర్తొచ్చే టైముకీ విడివిడిగా రాండమ్ సంఖ్యతో కొంచెం పెంచడం తగ్గించడం చేయండి. టైములు ఎప్పుడూ కుడివైపు తోక పొడుగ్గా ఉంటాయి, కాబట్టి కూడటం కంటే గుణించడం మేలు, లాగ్ తీసిన టైముకి నార్మల్ నాయిస్ కలిపితే అదే అవుతుంది. దీంతో మెట్టు ఒక్కసారిగా కాకుండా కొన్నిసార్లు లెక్క, కొన్నిసార్లు గుర్తు అని ఊగిసలాడుతూ మారుతుంది, డేటాలో కూడా సరిగ్గా అదే కనిపిస్తుంది.

ఫిట్ చేయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మనకున్నవి స్టార్టింగ్ టైమ్, అక్షరానికి పట్టే టైమ్, మెమరీ గుణకం, గ్యాప్ కుదింపు, నాయిస్. మొదటి రెండూ మొదటి రౌండ్ల నుంచే వచ్చేశాయి, నాయిస్ తర్వాత చూసుకోవచ్చు, మిగిలినవి రెండే. గుణకానికి ఇరవై విలువలు, కుదింపుకి ఇరవై విలువలు, మొత్తం 400 జతలు, ప్రతి జతతో మోడల్ నడిపి అసలు టైముకీ మోడల్ టైముకీ లాగ్‌లో తేడా వర్గం చేసి కూడి, తక్కువ వచ్చిన జత తీసుకోండి. స్ప్రెడ్‌షీట్‌లో సరిపోయే విలువలు తనే వెతికే సాల్వర్ ఉంటుంది కానీ పందెం రూల్ ఉన్నచోట అది మధ్యలో ఇరుక్కుంటుంది, ఇలా గడులుగా వెతకడమే నయం, పైగా దగ్గర దగ్గర జతలు ఎన్ని ఒకేలా సరిపోతున్నాయో కూడా కళ్ళకి కనిపిస్తుంది.

దీనికి ముందు ఒక పని తప్పకుండా చేయాలి, చాలామంది చేయరు, నేనూ చాలాకాలం చేయలేదు. మీ అసలు డేటా పక్కన పెట్టి, మోడల్‌తోనే దొంగ డేటా పుట్టించండి, గుణకం 2, కుదింపు 0.03 అని మీరే పెట్టి. ఆ దొంగ డేటాని మీ ఫిట్టింగ్‌కి ఇచ్చి, 2, 0.03 తిరిగి వస్తున్నాయా చూడండి. రాకపోతే తప్పు మనుషుల్లో లేదు, మీ పద్ధతిలో ఉంది, లేదా డేటాలో ఆ సంఖ్యని తేల్చేంత సమాచారం లేదు. ఉదాహరణకి ఒక్క రోజు డేటానే ఉంటే కుదింపు ఎంత పెట్టినా ఒకేలా సరిపోతుంది, ఎందుకంటే గ్యాప్ లేనిచోట దానికి పనే లేదు. మొదటి మూడు రోజుల మధ్య గ్యాపులు దాన్ని తేలుస్తాయి, అది పెద్ద గ్యాప్‌కి కూడా నిలబడుతుందా అని పరీక్షించడానికే ఆ నాలుగు రోజుల గ్యాప్ మానేయొద్దన్నాను.

చేతులు కాళ్ళతో చేసే స్కిల్స్‌కి ఈ మోడల్ పనికిరాదు, అక్కడ లెక్కపెట్టడం, గుర్తురావడం అనే రెండు దారులు ఉండవు. మౌస్ కదిపితే కర్సర్ 30 డిగ్రీలు పక్కకి పోయేలా పెట్టి అలవాటు చేసుకోవడం లాంటి పనులకి 2006లో స్మిత్, గాజీజాదే, షాడ్‌మెర్ చెప్పిన రెండు వేగాల మోడల్ చూడండి. లోపల ఇద్దరు నేర్చుకునేవాళ్ళు ఉంటారు, ఒకడు గబగబా నేర్చుకుని గబగబా మర్చిపోతాడు, ఇంకోడు నెమ్మదిగా నేర్చుకుని గట్టిగా పట్టుకుంటాడు. ప్రతి ప్రయత్నం తర్వాత ఉన్నదాంట్లో కొంత నిలుపుకుని, వచ్చిన తప్పులో కొంత కలుపుకోవడమే రూల్. వాళ్ళ సంఖ్యలు: వేగం వాడు 0.59 వంతు నిలుపుకుంటాడు, తప్పులో 0.21 నేర్చుకుంటాడు, నెమ్మది వాడు 0.992 నిలుపుకుంటాడు, 0.02 నేర్చుకుంటాడు. తప్పు 1 తో మొదలైతే మొదటి ప్రయత్నం తర్వాత 0.21, 0.02, కలిపి 0.23, మిగిలిన తప్పు 0.77, రెండోదాని తర్వాత 0.286, 0.035, కలిపి 0.32, అలా కిందకి లాక్కుంటూ పోండి, రెండు కాలమ్స్ చాలు. చాలాసేపు నేర్పించి, తర్వాత కొద్దిసేపు ఉల్టా నేర్పించి కనిపించే అలవాటు సున్నా చేసి, ఆ తర్వాత తప్పు అనేదే కనపడకుండా చేస్తే మొదటి అలవాటు దానంతటదే మళ్ళీ పైకి వస్తుంది. మోడల్ అదే చెప్తుంది, మనుషుల్లోనూ అదే జరిగింది.

టైములు లేకుండా రైటు తప్పులు మాత్రమే ఉంటే కార్బెట్, ఆండర్సన్ 1990ల్లో తెచ్చిన నాలెడ్జ్ ట్రేసింగ్ ఉంది. నాలుగే సంఖ్యలు, ముందే వచ్చి ఉండే అవకాశం, ఒక్కో ప్రయత్నంతో నేర్చుకునే అవకాశం, వచ్చి కూడా పొరపాటు చేసే అవకాశం, రాకపోయినా గుడ్డిగా రైట్ కొట్టే అవకాశం. వరసగా 0.3, 0.1, 0.1, 0.2 అనుకుంటే, ఒక రైట్ జవాబు తర్వాత వచ్చి ఉండే అవకాశం 0.69 కి పెరుగుతుంది, తప్పు జవాబైతే 0.15 కి పడుతుంది. వాడటం తేలిక కానీ జాగ్రత్త, వేరువేరు సంఖ్యల సెట్లు ఒకే డేటాకి సమానంగా సరిపోతాయి, పైగా మొదటి రూపంలో మర్చిపోవడం అనేదే లేదు. మన అక్షరాల లెక్కలకి నేనైతే వాడను, తప్పులు చాలా తక్కువ వస్తాయి, నేర్చుకున్నదంతా టైములోనే ఉంటుంది.

మళ్ళీ మన తొమ్మిది లెక్కలకి వద్దాం. మొదటి మూడు రోజుల డేటాతోనే ఫిట్ చేయండి, ఆఖరి రోజు డేటా ముట్టుకోవద్దు. ఆఖరి రోజు కూర్చోకముందే మోడల్‌తో ఆ రోజు మొదటి రౌండ్‌లో ప్రతి లెక్కకీ ఎంత టైమ్ పడుతుందో, లెక్కా గుర్తా, ఒక కాగితం మీద రాసి డేట్ వేయండి. ఆ రోజు కొత్త లెక్కలు కూడా మూడు కలపండి, ఇంతకుముందు ఎప్పుడూ చేయనివి: త+3 ధ, ధ+3 ఫ, ఫ+4 య. మన మోడల్ ప్రకారం జ్ఞాపకం ఒక్కో లెక్కకి విడిగా ఉంటుంది, కాబట్టి ఈ మూడూ మొదటి రోజు ఎంత టైమ్ పట్టేదో అంతే పట్టాలి, అక్షరానికి అర సెకను. మొదటి రోజు కంటే తొందరగా అయిపోతే, అందులోనూ 4 కలిపేదానికి ఎక్కువ లాభం కనిపిస్తే, లెక్కపెట్టే దారి కూడా స్పీడయ్యిందన్నమాట, అప్పుడు అక్షరానికి పట్టే టైముని ప్రాక్టీస్‌తో తగ్గేలా ఇంకో రూల్ పెట్టాలి. అలా కాకుండా మూడింటికీ ఒకే లెక్కన తగ్గితే స్క్రీన్ చూసి బటన్ నొక్కడం అలవాటైంది అంతే, స్టార్టింగ్ టైమ్ ఒక్కటి తగ్గించాలి. ఈ రెండింట్లో ఏదో తేలకుండా రెండు రూల్సూ ఒకేసారి పెట్టేయకండి, ఒకటి పెట్టి మొదటి మూడు రోజులకి మళ్ళీ ఫిట్ చేసి, పాత మోడల్ ఫైల్ అలాగే ఉంచి, కొత్తదానికి వేరే పేరు పెట్టి సేవ్ చేయండి, రెండూ ఆఖరి రోజు మొదటి రౌండ్ ఎంత దగ్గరగా చెప్పాయో పక్కపక్కన చూడండి. అయితే ఆఖరి రోజు డేటా ఒకసారి చూసేశాక అది ఇక పరీక్షకి పనికిరాదు, మార్చిన మోడల్‌ని గట్టిగా నమ్మాలంటే ఇంకో మనిషిని కూర్చోబెట్టి, మళ్ళీ త నుంచి మొదలుపెట్టాల్సిందే.